నాలుగు జంటల కాగితం

మా భూములు పోయాక మాకు మిగిలింది మునసబీ ఒక్కటే. కొల్లేటి గట్టున ఉన్న మా ఊళ్ళో అది మా ముత్తాతగారి నాటి నుంచీ మా ఇంట్లోనే ఉంది. వరదలూ, కోర్టు వ్యవహారాలూ, మా పెదనాన్నగారి దర్జా కలిసి మాగాణి అంతా పట్టుకుపోయాయి. అయినా ఊళ్ళో ఎవరికి ఏ కాగితం కావాలన్నా చివర నా సంతకం ఉండాల్సిందే. కలం ఎత్తకుండా ఒక్క విసురులో సంతకం పెట్టడం మా నాన్నగారి దగ్గర నేర్చుకున్నాను. ఆ రోజుల్లో నాకున్న ఆస్తి అదేనని చెప్పడానికి నాకేమీ సిగ్గు లేదు.

ఇంకో సంగతి కూడా ముందే చెప్పాలి. మా అరుగు ముందు ఆడవాళ్ళను నిలబెట్టి మాట్లాడించే అలవాటు మా ఇంట్లో లేదు. శిస్తు తగాదా అయినా, గట్టు తగాదా అయినా, దొంగతనమైనా ఆ ఇంటి మగవాడు వచ్చి చెప్పాలి. మగదిక్కు లేని ఇల్లయితే ఎవరో ఒక బంధువు రావాలి. పరాయి ఆడమనిషిని నలుగురిలో నిలబెట్టి ప్రశ్నలు వేయడం మర్యాద కాదని మా తాతగారు పెట్టిన పద్ధతి అది. పక్క ఊళ్ళ మునసబులు ఆడవాళ్ళను ఎండలో నిలబెట్టి కేకలు వేస్తారనీ, మా ఇంట్లో అలాంటిది జరగదనీ మేము గొప్పగా చెప్పుకునేవాళ్ళం.

ముప్పైల నడుమ, ధాన్యం ధర పడిపోయి కూలి పనులు దొరకని ఒక వేసవిలో, తోటలకు కూలీలను పోగుచేసే మేస్త్రీ వచ్చాడు. వాడు మా ఊరివాడే. చిన్నప్పుడు మా గేదెలు కాసేవాడు. తరవాత మలయా వెళ్ళి రబ్బరు తోటల్లో పనిచేశాడు. అలా పనిచేసి నమ్మకం సంపాదించుకున్నవాళ్ళకి తోట దొరలు ఒక లైసెన్సు ఇచ్చి, మీ ఊరికి పోయి మనుషుల్ని తీసుకురండని పంపేవారు.

"దండాలండీ మునసబుగారూ."

కాళ్ళకి బూట్లు, ఒంటిమీద కోటు. "ఏరా" అన్నది నా నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోయింది. "ఏమయ్యా, ఎప్పుడొచ్చావు?" అన్నాను.

"తమరు ఏరా అంటేనే బాగుంటుందండి. ఏమయ్యా అంటే ముసలాణ్ణయిపోయాననిపిస్తుందండి" అని నవ్వాడు. ఆ నవ్వులో వినయం ఎంతో, వెక్కిరింత ఎంతో నాకు తెలియలేదు.

జేబులోంచి అచ్చు కాగితం తీశాడు. అందులో పదకొండు పేర్లు ఉన్నాయి. నాలుగు జంటలు, ముగ్గురు ఒంటి మగవాళ్ళు. ఒక్కొక్క పేరు పక్కన, ఈ మనిషిని చూశాను, ఇష్టపడే వెళ్తున్నారు, అభ్యంతరం లేదు అని గ్రామ మునసబు సంతకం చేయాలి.

"ఇన్ని జంటలు ఎందుకయ్యా?"

"ఒంటి మగాళ్ళని ఎక్కువమందిని తేవద్దంటారండి. సంసారాలు కావాలంటారు. సర్కారు రూలండి. ఆడవాళ్ళుంటే తోటల్లో కొట్లాటలు తగ్గుతాయంటండి."

"మనుషులేరీ?"

"మగాళ్ళు ఇక్కడే ఉన్నారండి. ఆడవాళ్ళు గడ్డివామి అవతల నిలబడ్డారండి. తమ ఇంటి పద్ధతి నాకు తెలియంది కాదు కదండీ. రమ్మంటే వస్తారు. రమ్మనమంటారా?"

అడిగి ఊరుకున్నాడు. రమ్మంటే మా తాతగారి పద్ధతి నా నోటితోనే పోతుంది. అదీ ఒకప్పటి మా గేదెల కాపరి ముందు. వామి అంచున నాలుగు చీర చెంగులు గాలికి కదులుతున్నాయి. వాటిలో ఒకటి ఎర్రది. "అక్కర్లేదు" అన్నాను. పదకొండు సంతకాలూ పెట్టి ఇచ్చాను.

రెండు రోజులకు ఒక అధికారి వచ్చాడు. దేశం విడిచి వెళ్ళేవాళ్ళ సంగతులు విచారించడానికి మద్రాసు నుంచి వచ్చాడట. ఏలూరులో ట్రావెలర్స్ బంగళాలో దిగి చుట్టుపక్కల ఊళ్ళన్నీ తిరుగుతున్నాడు. ఎవరు వెళ్తున్నారు, ఎందుకు వెళ్తున్నారు, వెళ్ళినవాళ్ళ దగ్గర నుంచి ఉత్తరాలు వస్తున్నాయా, ఎంతమంది తిరిగి వచ్చారు అని ఒక్కొక్కటే అడుగుతూ తానే రాసుకునేవాడు. మెత్తని మనిషి. మా ఇంటావిడ పంపిన కాఫీని మెచ్చుకుంటూ తాగాడు.

"ఊళ్ళు తిరిగేకొద్దీ ఒకటి గమనించానండి. కాగితం మీద అందరూ భార్యాభర్తలే. అక్కడ ఓడ దిగాక చూస్తే చాలామంది ఆడవాళ్ళకు ఆ మగవాడు ఎవరో తెలియదు. ఎవరికి అప్పగిస్తే వాళ్ళ దగ్గర ఉండాలి. వెనక్కి రావడానికి దారి ఉండదు" అని కళ్ళజోడు తుడుచుకున్నాడు. "మీరు సంతకం పెట్టినవాళ్ళను కళ్ళతో చూశారా అండీ?"

"మా ఇంట్లో చూడకుండా సంతకం పెట్టరండి."

"ఆడవాళ్ళను కూడానా?"

"అందరినీ."

అదే రాసుకున్నాడు. రాసింది చదివి వినిపించి, కింద నా చేత సంతకం చేయించుకున్నాడు.

మరి రెండు రోజులు గడిచాయి. మధ్యాహ్నం భోజనానికి లేవబోతుంటే మా ఇంటావిడ వచ్చింది.

"ఏవండీ, పొద్దుటి నుంచీ పెరటి గుమ్మం దగ్గర ఒకావిడ కూర్చుని ఉంది. మజ్జిగిచ్చినా తాగడం లేదు. మీతో మాట్లాడాలంట."

"ఎవరి మనిషి?"

"లంకలో ఉంటుందట. తుంగ చాపలు అల్లుకుంటుందట."

"వాళ్ళ మగవాళ్ళెవరూ రాలేదా?"

"మగవాళ్ళే ఉంటే పొద్దుటి నుంచీ అలా ఎందుకు కూర్చుంటుందండీ?"

పెరట్లోకి వెళ్ళి పక్కకు తిరిగి నిలబడ్డాను. మోకాళ్ళ దాకా ఎండిన బురదతో ఆవిడ లేచి నిలబడింది. తన తరఫున మాట్లాడేవాళ్ళు ఎవరైనా ఇటు వస్తారేమోనని అంతసేపూ చూసిందట. కొల్లేరు ఎండి పడవ నడవక, తెల్లవారకముందే లంకలో బయల్దేరి బురదలో నడిచి వచ్చిందట.

ఆవిడకు ఒక్కతే కూతురు. మొగుడు పోయి ఏడాది అయింది. మేస్త్రీ మేనత్త లంకకు వచ్చి, తాడేపల్లిగూడెం రైసుమిల్లులో బియ్యం చెరిగే పని ఇప్పిస్తానని చెప్పి పిల్లను తీసుకుపోయింది. చాపలు అమ్ముకోవడానికి తాడేపల్లిగూడెం వెళ్ళిన పొరుగువాడు ఆ మిల్లులో అడిగితే, అలాంటి మనిషి ఎవరూ రాలేదన్నారు. మా ఊరి పేటలో వాకబు చేస్తే అసలు సంగతి తెలిసింది.

"సముద్రం దాటిస్తారంటండి బాబూ. ఇయ్యాళ అయిదు గంటల రైలుకంటండి, ఏలూరులో. కాగితంలో ఎవడికో పెళ్ళామని రాశారంటండి. తమరు సంతకం పెట్టారంటండి."

నేను కండువా భుజం మీదికి సర్దుకున్నాను.

"తమరు చూశారు కదండీ నా కూతుర్ని? ఎలా ఉందండీ? ఏడ్చిందాండీ?"

ఉన్నది ఉన్నట్టు రాస్తాను. అప్పుడు నా మనసు ముందు ఆ అధికారి రాసుకున్న కాగితం మీదికే పోయింది. అబద్ధపు వాంగ్మూలం. మునసబీ పోతుంది, కేసు పెడతారు, ఏలూరు కోర్టు వరండాలో ముద్దాయిల పక్కన నిలబడతాను. ఆ తరవాతే ఆ పిల్ల గుర్తొచ్చింది. సాయంత్రం అయిదు తరవాత ఆమెకూ ఈ తల్లికీ మధ్య సముద్రం వస్తుంది. దానికి కావలసిన కాగితం నేనే ఇచ్చాను.

"నేను వెళ్ళి తీసుకొస్తాను" అన్నాను.

"నేనూ వస్తానండి."

ఉన్నది ఒక్క ఎడ్లబండి. మా ఇంటి బండిలో నేనూ, పక్కన బురద కాళ్ళతో ఆవిడా కలిసి ఏలూరు బజార్లో దిగడం నా ఊహకు కూడా అందలేదు. "అక్కర్లేదు. నేను వెళ్తున్నాను కదా" అన్నాను.

"పోనీ గుర్తులు చెబుతానండి, దాని…"

"కాగితంలో పేరుంది. సంతకం నాది. అది చాలు."

మా పాలేరు ఎడ్లను అదిలించి తోలాడు. కొల్లేటి ఎండుబురద నెర్రెలు విచ్చి, బండి చక్రం ఎక్కిన చోటల్లా దడదడమని అదిరేది. సగం దారి పోయాక ఆ తల్లి కూతుర్ని పిలిచిన పేరు గుర్తు చేసుకున్నాను. తరవాత కాగితంలోని నాలుగు ఆడ పేర్లు గుర్తు చేసుకున్నాను. నా చేత్తో సంతకం పెట్టిన పేర్లు గనుక బాగానే గుర్తున్నాయి. తల్లి చెప్పిన పేరు వాటిలో లేదు.

ముఖం నాకు తెలియదు. పేరు మార్చేశారు. గుర్తులు చెప్పబోతే నేనే నోరు మూయించాను. వెనక్కి తిరిగితే రైలు అందదు. "తొందరగా తోలు" అన్నాను. "ఇంతకన్నా తొందరంటే ఎడ్లు పడిపోతాయండి" అన్నాడు పాలేరు.

స్టేషను పక్క సత్రంలో మేస్త్రీ తన మనుషులకు అటుకులు పంచుతున్నాడు.

"మునసబుగారే! మమ్మల్ని సాగనంపడానికి వచ్చారాండీ? ఎంత భాగ్యమండీ."

"లంక నుంచి వచ్చిన అమ్మాయి ఎవరు?"

"లంకా? మన జాబితాలో లంకవాళ్ళు లేరండి."

వరండాలో నలుగురు ఆడవాళ్ళు గోడ వైపు తిరిగి, తలమీద చెంగు లాక్కుని కూర్చున్నారు. తల్లి చెప్పిన పేరు పెట్టి పిలిచాను. ఒక్క తల కూడా కదల్లేదు. ఎందుకు కదల్లేదో తరవాత తెలిసింది. ఎవరైనా కిక్కురుమంటే మునసబే వచ్చి పోలీసులకు అప్పగిస్తాడని మేస్త్రీ వాళ్ళకు చెప్పి ఉంచాడట. వాళ్ళ పాలిటి భయం నా రూపంలో ఎదురుగా వచ్చి నిలబడింది.

"ఎవరో చాడీలు చెప్పి ఉంటారండి. తమరే అడగండి. మొగుళ్ళ పేర్లు చక్కగా చెబుతారు" అన్నాడు మేస్త్రీ.

నా జన్మలో మొదటిసారి పరాయి ఆడవాళ్ళను దగ్గరగా నిలబడి అడిగాను. "మీ ఆయన పేరేంటమ్మా?"

మొదటావిడ చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పక్కావిడను మోచేత్తో పొడిచింది. అవతల కూర్చున్న మగవాడు విసుక్కుంటూ, "ఇన్నిసార్లు నేర్పినా చెప్పవేమే! మద్రాసులో కూడా ఇలాగే అంటే నన్ను దింపేస్తారు" అన్నాడు. ఆవిడ ఇంకా ముడుచుకుపోయింది. మా వైపు భార్యలు మొగుడి పేరు నోటితో పలకరు. మా ఇంటావిడ నాతో కాపురానికి వచ్చి ఇరవై ఏళ్ళయినా నా పేరు పలకగా నేను వినలేదు.

రెండోది ఎర్రచీర. గోడ మీది నుంచి చూపు తిప్పకుండా మొగుడి పేరు, అతని తండ్రి పేరు, ఊరి పేరు బడిలో ఎక్కం అప్పజెప్పినట్టు చెప్పేసింది.

మూడో ఆవిడ, "మా పిల్లోడి నాన్నండి" అంది. ఎంత అడిగినా అంతకు మించి చెప్పలేదు.

నాలుగో పిల్ల గబగబా అప్పజెప్పింది. పేరు, తండ్రి పేరు, ఊరు.

ఇద్దరు భార్యలు. ఇద్దరు కారు. తల్లి వచ్చింది ఒక్కరి కోసం.

నేను గమనించానని మేస్త్రీ కూడా గమనించాడు. పక్కకు వచ్చి, గొంతు తగ్గించాడు గాని అండీ మాత్రం వదల్లేదు. "సంతకం తమరిదండి. అక్కడ అడిగినవాళ్ళకు నేను చెప్పేది ఒక్కటే. మునసబుగారు చూశారు, ఒప్పుకున్నారు అని. చూళ్ళేదంటారా? మరి మొన్న ఆ మద్రాసు ఆయన ముందు తమరు చెప్పిందేంటండీ? పెద్దింటివారు. ఆలోచించుకోండి."

నేను అక్కణ్ణుంచి బంగళాకు నడిచాను. నడిచానని రాస్తున్నాను గాని, ఏ వీధుల్లోంచి వెళ్ళానో గుర్తు లేదు. అధికారి నన్ను చూసి కుర్చీ వేయించాడు. నేను కూర్చోలేదు.

"ఒక తప్పు జరిగిందండి. ఆ కాగితంలో ఒక స్త్రీని నేను చూడలేదు. ఆమెకు మొగుడు లేడు. మోసం చేసి తెచ్చారు."

అతను మొన్నటి కాగితం తీసి చూశాడు. "అందరినీ చూశానన్నారు."

"అన్నానండి."

"ఒక్కరేనా?"

ఒక్కరంటే పొరపాటు. ఇద్దరంటే, నలుగురినీ చూడలేదనే కదా. నలుగురినీ చూడలేదంటే ఇన్నేళ్ళూ మా నాన్నగారూ, నేనూ పెట్టిన సంతకాల సంగతేమిటి? ఇదంతా ఒక్క ఊపిరిలో నా తలలో తిరిగింది.

"ఒక్కరేనండి."

"అయితే అదే రాసివ్వండి. నాకు విచారించే పనే గాని మనుషుల్ని ఆపే అధికారం లేదు. మునసబు సంతకం వెనక్కి తీసుకున్న పేరు మాత్రం కొట్టేయించగలను. మిగతావాళ్ళ సంగతి ఓడ ఎక్కించే ముందు మద్రాసు డిపోలో చూసుకుంటారు."

రాసిచ్చాను. అక్షరాలు వంకర తిరిగాయి. ఇద్దరం జట్కాలో స్టేషనుకు వచ్చేసరికి రైలు గంట కొట్టారు. మేస్త్రీ మనుషులు మూటలతో ప్లాట్‌ఫారం మీద నిలబడి ఉన్నారు.

"ఆమె ఎవరు?" అన్నాడు అధికారి.

ఎర్రచీరా, నాలుగో పిల్లా పక్కపక్కనే ఉన్నారు. ఎవరని చూపించను? తప్పుగా చూపిస్తే అసలు పిల్ల రైలెక్కుతుంది. ఇంత చెప్పినవాడికి ఆమె ముఖమే తెలియదని అందరికీ తెలిసిపోతుంది. రైలు చప్పుడు దగ్గరవుతోంది. వాళ్ళ దగ్గరకు వెళ్ళి, ఇద్దరికీ వినపడేలా అన్నాను.

"మీ అమ్మ మా ఇంటికి వచ్చింది."

ఎర్రచీర మనిషి నేల చూపులు చూస్తూనే ఉంది. నాలుగో పిల్ల చటుక్కున తలెత్తింది. ఇరవై ఏళ్ళుంటాయేమో. ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచి ఉన్నాయి.

"మా అమ్మా? తమ ఇంటికాండీ? మాట్లాడ్డానికి ఎవర్ని తెచ్చుకుందండీ?"

"ఎవర్నీ తెచ్చుకోలేదు. తనే మాట్లాడింది."

ఆ మాట విని ఆ పిల్ల మూట చంకన పెట్టుకుని అధికారి వైపు రెండడుగులు నడిచింది. "నేను ఆయన పెళ్ళాన్ని కాదండి. తాడేపల్లిగూడెం మిల్లన్నారండి. రైలెక్కాక ఏడిస్తే బయటికి తోసేస్తామన్నారండి."

మొగుడిగా రాసిన మనిషి తల గోక్కున్నాడు. "నాకూ మొన్ననే చెప్పారండి, ఈవిడ నా పెళ్ళామని."

అధికారి ఆ పేరు కొట్టేశాడు. మేస్త్రీ అడ్డు చెప్పలేదు. వాడు నా వైపే చూస్తున్నాడు, ఇంకా ఏం చెబుతానా అని.

అప్పుడు అధికారి ఎర్రచీర వైపు తిరిగాడు. "నువ్వు ఇష్టపడే వెళ్తున్నావా అమ్మా?"

ఆవిడ మొదటిసారి తలెత్తింది. అధికారిని చూడలేదు, నన్ను చూసింది. ముప్పై దాటి ఉంటాయి. చుబుకం మీద పచ్చబొట్టు. నేను ఏమైనా అంటానని కాసేపు చూసింది. ఆవిడ కోసం ఏ అమ్మా రాలేదు, ఏ అన్నా రాలేదు. ఆవిడ గురించి తెలిసినవాణ్ణి ఆ ప్లాట్‌ఫారం మీద నేనొక్కణ్ణే. రైలు వచ్చి ఆగింది. ఆవిడ మళ్ళీ మొదలుపెట్టింది. మొగుడి పేరు, అతని తండ్రి పేరు, ఊరి పేరు. తడబాటు లేకుండా.

అన్నీ కాగితంతో సరిపోయాయి గనుక మద్రాసు మనిషి అందులో ఏమీ కనిపెట్టలేకపోయాడు. నా వైపు తిరిగాడు. "అంతేనాండీ మునసబుగారూ?"

"అంతేనండి" అన్నాను.

వాళ్ళు ఎక్కారు. ఎర్రచీర మనిషి కిటికీకి దూరంగా, లోపల ఎక్కడో కూర్చుంది. రైలు కదిలేటప్పుడు నాకు కనపడలేదు.

లంక పిల్లను మా బండిలోనే తెచ్చాను. బాగా చీకటి పడ్డాక ఊరు చేరాం. తల్లి మా వీధి మొగలోనే ఎదురొచ్చింది. ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని వీధి మధ్యనే కూలబడ్డారు. మా ఇంటావిడ ఏడ్చింది. ఊరంతా నన్ను మెచ్చుకుంది. నెల తిరిగేలోగా ఆ తల్లి ఒక కొత్త చాప అల్లి తెచ్చి ఇచ్చింది. దాని మీద నేను ఎప్పుడూ కూర్చోలేదు. ఎందుకని మా ఇంటావిడ అడిగింది. గుచ్చుకుంటుందన్నాను.

మునసబీ పోలేదు. ఒక పొరపాటును తనంతట తానే వచ్చి సరిదిద్దుకున్నాడని అధికారి మంచిగానే రాశాడట. నా భయమంతా దేని కోసమో అది దక్కింది. ఎర్రచీర మనిషి ముదినేపల్లి వైపు నుంచి వచ్చిందని పేటలో ఎవరో అన్నారు. ఎవరి మనిషో ఎవరికీ తెలియదు. మద్రాసు డిపోకు ఉత్తరం రాద్దామని మూడుసార్లు కలం పట్టాను. నాకు తెలిసిన పేరు ఆవిడది కాదు. కాదని నాకెలా తెలుసో రాయాలి, ఎప్పుడు తెలిసిందో కూడా రాయాలి. కాగితం మడిచి పెట్టేశాను.

ఆ జట్టులో ఇద్దరు మగవాళ్ళు మూడేళ్ళకు తిరిగి వచ్చారు. వాళ్ళలో ఒకడు కాగితంలో ఎర్రచీర మనిషికి మొగుడు. ఒక్కడే వచ్చాడు. ఆవిడ ఏమైందో అడగాలని వాడింటి దాకా రెండుసార్లు వెళ్ళాను. మొదటిసారి శిస్తు సంగతి అడిగి వచ్చేశాను. రెండోసారి వాడు మంచం వాల్చి, "కూర్చోండి బాబూ, తమరితో ఒక మాట చెప్పాలనుకుంటున్నానండి" అన్నాడు. పనుందని చెప్పి వచ్చేశాను.